హైమావతి రాత్రి ముఖం

ఆ రోజు ఇంట్లో మామ్మ అప్పలనరసమ్మ ఉంది. నాన్న తవుడు, అమ్మ నీలవేణి ఉన్నారు. మానవ మృగ వివేచనా విభాగం అధికారి చంద్రమౌళి గారు, ఆ విభాగం తరఫున మిషను తెచ్చిన ఇంజినీరు సుధీర్ ఉన్నారు. గంప కింద పుంజు ఉంది. గుంజకి ఆనుకుని కూర్చున్న ఎలుగుబంటి బీడీ వెలిగించుకుంటానంటే అమ్మ వద్దంటోంది. వీళ్లందరి వెనకా, ధాన్యం గాదె పక్కన, తల వంచుకుని హైమ ఉంది.

ఉదయం పదకొండు గంటలయింది. బయట ఎండ పేలిపోతోంది. లోపల మాత్రం ఉత్తర్వుల ప్రకారం అర్ధరాత్రి.

ఎలుగుబంటి అంటే కొండ మీద నుంచి దిగి వచ్చినది కాదు. మామ్మ తమ్ముడు గవరయ్య. పగటివేషాలు కట్టుకుని ఊరూరా తిరిగే మనిషి. ఆయన దగ్గర అర్ధనారీశ్వరుడు, సోదెమ్మ, కోమటిశెట్టి, ఎలుగుబంటి, ఇలా చాలా వేషాలున్నాయి. ఎలుగుబంటి ముఖం పొణికి కర్రతో చెక్కి, జనపనార అంటించి, కళ్ల స్థానంలో పెద్ద గాజు గోళీలు పొదిగినది. దాన్ని చూసి మూడు మండలాల పిల్లలు జ్వరం తెచ్చుకున్నారని ఆయన గొప్పగా చెప్పుకుంటాడు.

ఇంతకీ వాళ్లందరూ అక్కడ ఎందుకు చేరారంటే, కొంచెం వెనక్కి వెళ్లాలి.

కొంకివలస చుట్టూ జీడితోటలు. అప్పుడప్పుడు ఎలుగుబంట్లు కొండ దిగి తోటల్లోకి వస్తాయి. ఊరివాళ్లు డప్పులు కొడతారు, కర్రలు పట్టుకుంటారు, కేకలేస్తారు. అవి వెళ్లిపోతాయి. తాతల నాటి నుంచి ఇదే పద్ధతి. దీనికి ఏనాడూ ఉత్తర్వులు అవసరం రాలేదు.

పోయిన మార్గశిరంలో చంద్రమౌళి గారు ఎలుగుబంట్లను లెక్కపెట్టడానికి ఆ ఊరొచ్చారు. చలికి నల్ల గొంగళి కప్పుకున్నారు. మునిమాపు వేళ కళ్లజోడు జారిపడితే, జీడిచెట్టు కింద చేతులూ మోకాళ్లూ ఆన్చి ఆకుల్లో వెతుక్కుంటున్నారు. ఊరివాళ్లు తమ పద్ధతి ప్రకారం నడుచుకున్నారు. "నేను ఆఫీసర్నిరా!" అని ఆయన అరిచిన మాట నిజమే. కానీ దెబ్బ తగిలితే ఎలుగుబంటి కూడా అరుస్తుందనీ, అది ఏ భాషలో అరిచిందో ఆ హడావుడిలో ఎవరు వింటారనీ సర్పంచి తర్వాత వాంగ్మూలం ఇచ్చాడు.

ఆసుపత్రి మంచం మీద బోర్లా పడుకునే చంద్రమౌళి గారు నివేదిక రాశారు. ఆ దుర్ఘటనకు కారణం గొంగళి కాదు, కళ్లజోడు కాదు, కర్రలు అసలే కాదు. "చీకటియందు మానవ ముఖము యొక్క నాణ్యత నిర్దేశిత ప్రమాణమునకు లోబడి ఉండకపోవుటయే" కారణం. పై అధికారులకు ఆ వాక్యం ఎంతో నచ్చింది. వెంటనే ఒక విభాగం పుట్టింది. దానికి చీకట్లో చూడగలిగే కెమెరా వచ్చింది. ఒక నియమావళి వచ్చింది.

ఆ నియమావళి ప్రకారం ప్రతి మనిషికీ రెండు ముఖాలుంటాయి. పగటి ముఖం ఇప్పటికే కార్డుల మీద ఉంది. రాత్రి ముఖం కొత్తగా నమోదు చేయించుకోవాలి. అందుకు రెండు కళ్ల మధ్య కెమెరా లెక్కలో నలభై చుక్కలు పడాలి. రాత్రి ముఖం లేనివాళ్లు పొద్దుగూకిన దగ్గర్నుంచి గుర్తు తెలియని వ్యక్తులు. తెల్లవారాక మళ్లీ యథాప్రకారం పౌరులు.

తవుడు ఇల్లు ఊరికి కొసన, తోటలకు ఆనుకుని ఉంటుంది. అందుకని దాన్ని ఆదర్శ గృహంగా ఎంచుకుని, గుమ్మం మీద కెమెరా, మాట్లాడే పెట్టె, సైరను, ముఖాన్ని గుర్తుపడితే దానంతటదే తెరుచుకునే తలుపు గడియ బిగించారు. ఇక ముఖాల నమోదు రాత్రిపూట జరగాలి. కానీ విభాగం పనివేళలు పది నుంచి అయిదు. రాత్రి పనికి మంజూరు లేదు. అందుచేత "పనివేళలయందే రాత్రిని ఏర్పాటు చేయవలెను" అని మరో ఉత్తర్వు వచ్చింది. కిటికీలకు నల్ల టార్పాలిను కొట్టారు. సందుల్లో పేడ మెత్తారు. పొయ్యి ఆర్పించారు. రాత్రి సిద్ధమైంది.

ఈ రాత్రి ముఖం ఇంట్లో అందరికంటే హైమకే ఎక్కువ అవసరం. ఆమె పదో తరగతి. బడి పక్క ఊళ్లో. పరీక్షలు దగ్గర పడుతున్నాయని సాయంత్రం కూడా కూర్చోబెట్టి చదివిస్తున్నారు. తోటల దారిన ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది.

"సీకటడ్డాక ఇంట్లోకి రానియ్యకపోతే ఇంకేటి సదువు? మానిపించీడమే," అని తవుడు ముందే చెప్పేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. సైరనంటే భయం.

చిక్కేమిటంటే, హైమ ముఖం ఇంతవరకు ఎవరూ సరిగ్గా చూడలేదు. పిల్ల అంత సిగ్గరి. నడిచినా, నిలబడినా, అన్నం తిన్నా తల నేలకే. కొట్టువాడు, బడి పంతులు, బస్సు కండక్టరు అందరూ ఆమెను పాపిడిని బట్టి గుర్తుపడతారు. తిన్నగా, సన్నగా, కొంచెం ఎడమకు ఒరిగిన పాపిడి. ఆ చుట్టుపక్కల అలాంటిది ఇంకొకటి లేదు.

"మొదటి వ్యక్తిని ప్రవేశపెట్టండి," అన్నారు చంద్రమౌళి గారు, చీకట్లో గోడ వైపు తిరిగి.

తవుడు తడుముకుంటూ వచ్చి పీట మీద కూర్చున్నాడు. సుధీర్ మిషను ముందు వంగాడు. పక్షపాతానికి తావులేకుండా, తెర మీద ముఖం కనబడే చోట నల్ల టేపు అంటించి ఉంది. పేరు, చుక్కలు, గ్రేడు మాత్రమే కనిపిస్తాయి.

"ముప్పై నాలుగు చుక్కలే సార్. కళ్లు దగ్గరగా ఉన్నాయి."

"కొంచెం ఎడం పెంచండి," అన్నారు చంద్రమౌళి గారు తవుడితో.

"పుట్టినకాడ్నుంచీ ఇలాగే ఉన్నాయి బాబూ."

"అప్పట్లో ప్రమాణాలు లేవు. ఇప్పుడున్నాయి."

తవుడు కనుబొమలు నెత్తికెక్కించి, నోరు తెరిచి, ఊపిరి బిగబట్టాడు. సి గ్రేడు వచ్చింది. ఆ ముఖాన్ని ఇకమీదట రోజూ గుమ్మం దగ్గర అలాగే పెట్టాలని సుధీర్ చెప్పాడు.

అమ్మ వచ్చింది. "పొయ్యార్పించీసినారు. గోడకి పేడ కొట్టించీసినారు. పగలే రాతిరి సేసీసినారు. పిల్లకి గంజి కూడా నేదు. మీ ఇళ్లల్లో ఆడోళ్లు నేరేటి బాబూ, మీకు ఇలాటియ్యి సెప్పడానికి?" అంటూ పీట మీద కూలబడింది.

"బి ప్లస్ సార్!" అన్నాడు సుధీర్.

"కోపమునందు కళ్లు విశాలమగును. రాసుకోండి," అన్నారు చంద్రమౌళి గారు.

తవుడికి తుమ్మొచ్చింది. తుమ్మడానికి తలుపు ఓరగా తీసి బయటికెళ్లాడు. ఎండ లోపలికి పడింది. గంప కింద పుంజు గొంతెత్తి కూసింది.

చంద్రమౌళి గారు లేచి నిలబడ్డారు. "కోడి కూసింది. అంటే తెల్లవారింది. అసంపూర్తిగా ముగిసిన రాత్రిలో చేసిన నమోదులు చెల్లవు. మళ్లీ మొదలుపెట్టండి."

మళ్లీ మొదలుపెట్టారు. తవుడు మళ్లీ నోరు తెరిచాడు. అమ్మ మళ్లీ తిట్టింది, ఈసారి ఇంకొంచెం బాగా. మామ్మ వచ్చి కూర్చుంది. మామ్మ రెండు కళ్లకూ శుక్లాలు. వెలుతురులో ఆమెకు మనుషులు మసక, చీకట్లో అసలు లేరు. కానీ కెమెరాకు ఆ కళ్లు ఏ తీరున నచ్చాయో, ఎ మైనస్ వచ్చింది. మిషను పెట్టె ఆడగొంతుతో, "స్పష్టత ప్రశంసనీయం," అని పొగిడింది.

"నన్నేనేటి? ఓలమ్మ, నా పెళ్లిలో కూడా ఎవులూ ఇలగ అన్నేదు," అని మామ్మ మురిసిపోయింది.

చంద్రమౌళి గారు అక్కడికక్కడే ఆమెను గృహ గుర్తింపు అధికారిణిగా నియమించి, మెడలో నీలం తాడుతో బిళ్ల వేశారు. "బాగా గుర్తింపబడగలవారే బాగా గుర్తింపగలరు," అన్నారు. తర్వాత శిక్షణ ఇచ్చారు. గొంతును నమ్మకూడదు. నడకను నమ్మకూడదు. చుట్టరికాన్ని బొత్తిగా నమ్మకూడదు. ముఖమొక్కటే ప్రమాణం, ముఖం సంగతి మిషను చెప్తుంది. శిక్షణ అయిపోయింది.

"దుంపల హైమావతి!" అని పిలిచాడు సుధీర్.

హైమ పీట మీద కూర్చుంది. చీకట్లో ఎవరూ చూడటం లేదని తెలుసు. అయినా మెడ లేవలేదు. పదిహేనేళ్లుగా వంగి వంగి అది అలా స్థిరపడిపోయింది.

"పాపిడి కనిపించినది. ముఖము కనిపించలేదు," అంది పెట్టె.

"తల ఎత్తమ్మా."

ఎత్తానని హైమ అనుకుంది. పెట్టె ఒప్పుకోలేదు. "పాపిడి కనిపించినది. ముఖము కనిపించలేదు."

"ఎత్తవే, సదువు పోతాది," అన్నాడు తవుడు చీకట్లోంచి. ఆ మాటతో ఉన్న కాస్త మెడ కూడా కిందికి దిగిపోయింది.

చంద్రమౌళి గారికి బస్సు టైమవుతోంది. "ఈమెను పక్కన పెట్టండి. ముందు ఎలుగుబంటిని కానివ్వండి. తేడా తెలియడానికి మృగ నమూనా కూడా కావాలి."

హైమ లేచింది. గవరయ్య ఎలుగుబంటి ముఖం తగిలించుకుని పీట మీద చతికిలబడ్డాడు. సుధీర్ మీట నొక్కాడు. మిషను మాత్రం మొదలుపెట్టిన పేరు పూర్తయ్యేదాకా వేరే పేరుకు వెళ్లే రకం కాదు.

గాజు గోళీలు చీకట్లో నక్షత్రాల్లా వెలిగాయి. ఒకదానికొకటి జానెడు దూరం. చుక్కలకు కొదవేముంది?

"స్పష్టత అద్భుతం. ఎ గ్రేడు," అంది పెట్టె, మునుపెన్నడూ లేనంత సంతోషంగా. "దుంపల హైమావతి నమోదు పూర్తయినది. ధన్యవాదములు."

పుంజు కూసింది. ఈసారి ఎవరూ తలుపు తియ్యలేదు, ఊరికే కూసింది. కానీ బస్సు టైమైంది కనుక దాన్ని చంద్రమౌళి గారు లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడే తవుడు హైమను వెంటబెట్టుకుని మండలంలోని విభాగం కార్యాలయానికి వెళ్లాడు.

"బాబూ, మా గుంట పేరు మీద ఎలుగ్గొడ్డు ముకం ఎక్కీసింది. తీయించీండి."

చంద్రమౌళి గారు ఫైలు తిప్పారు. "ఎ గ్రేడు కదయ్యా. మీ కుటుంబంలో ఇంత నాణ్యత ఎవరికీ లేదు. ఎందుకు తీయించడం?"

"అది మా గుంట కాదు బాబూ. మా మావ."

"ఎవరిదన్నది నాణ్యతకు సంబంధించిన విషయం కాదు." ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "చూడు తవుడూ. సి నుంచి బికి మార్చవచ్చు. బి నుంచి ఎకి మార్చవచ్చు. ఎ నుంచి కిందికి మార్చడమంటే ప్రమాణాల పతనం. పోనీ, ఈమె ముఖానికి ఎ వచ్చిందా?"

"పాపిడొచ్చింది బాబూ."

"పాపిడికి గ్రేడు లేదు. ఎ గ్రేడు ముఖాన్ని మార్చే అధికారం రాష్ట్ర పరిశీలకులకే ఉంది. వారు తనిఖీకి వస్తారు. వారి సమక్షంలో ఈమె తన ముఖాన్ని ఎ గ్రేడులో చూపిస్తే, అప్పుడు ఆలోచిస్తారు. వారు సంతకం పెట్టి వెళ్లిపోతే ఇక శాశ్వతం."

"ఆళ్లొచ్చినదాకా ఏటి సెయ్యాల బాబూ?"

చంద్రమౌళి గారు హైమ పాపిడి వైపు దయగా చూశారు. "అంతవరకు అమ్మాయి తన నమోదిత ముఖానికి వీలైనంత దగ్గరగా ఉండటానికి ప్రయత్నించాలి."

ఆ సాయంత్రం చదువు ముగించుకుని హైమ గుమ్మం ముందుకొచ్చి నిలబడగానే సైరను మోగింది. ఊరు ఊరంతా కర్రలతో, డప్పులతో పరిగెత్తుకొచ్చింది. హైమ తల ఇంకా కిందికి దించింది.

"ఓరి, ఆగండెహె! పాపిడి సూడండి. మన తవుడు గుంట," అన్నాడు సర్పంచి.

అందరూ పాపిడి చూసి కర్రలు దించారు. మామ్మ మాత్రం గుమ్మానికి అడ్డంగా, బిళ్ల సరిచేసుకుంటూ నిలబడింది.

"గొంతు మా గుంటదే. నడక మా గుంటదే. కొబ్బరినూని వాసన కూడా మా గుంటదే. ముకం కాదంట. నానేటి సేసేది? నాకు టైనింగిచ్చినారు."

ఆ రాత్రి హైమ పక్కింటి పైడమ్మ దగ్గర పడుకుంది. రేపటి నుంచి బడి మానేయమని తవుడు గోడ అవతల్నుంచే చెప్పాడు.

పొద్దున్నే గవరయ్య వచ్చాడు. భుజాన ఎలుగుబంటి ముఖం.

"ఏలుకోయే మనవరాలా. పరిశీలనోళ్లు వొచ్చి ఎల్లీదాకా ఈ ఊరు కదలొద్దన్నారు నన్ను. ఏషం కట్టే పని నేదు. ముకం నీకాడుంచు. పెట్టుకుంటే గాజు కళ్ల కింద సన్న బొక్కలుంటాయి, అందులోంచి సూడాల. ఒకటే కిటుకు. తల ఎత్తకపోతే బొక్కల్లోంచి నీ కాళ్లు కూడా కనపడవు. ఎలుగ్గొడ్డు ఏషానికి మెడే పేణం."

ఆ సాయంత్రం బడి నుంచి వస్తూ హైమ తోట దాటాక ముఖం తగిలించుకుంది. లోపల జనపనార వాసన, బీడీ వాసన. తల దించితే అంతా నలుపు. ఎత్తక తప్పలేదు. గుమ్మం ముందు నిలబడింది.

"స్వాగతం, దుంపల హైమావతి. స్పష్టత అద్భుతం," అంది పెట్టె. తలుపు తెరుచుకుంది.

"వొచ్చినావేటే?" అంది మామ్మ. "కాళ్లు కడుక్కో."

అలా రోజులు గడిచాయి. ముఖం వెనక ముఖం పెట్టుకుని హైమ లోకాన్ని మొదటిసారి చూసింది. జీడిచెట్లకు మొదళ్లే కాదు, కొనలు కూడా ఉంటాయని తెలిసింది. కొట్టు సుబ్బినాయుడికి గడ్డం కింద పుట్టుమచ్చ ఉంది. ఇన్నేళ్లుగా గంభీరంగా మాట్లాడే సర్పంచికి మాట్లాడేటప్పుడు చెవులు కదులుతాయి. కొట్టు దగ్గర కూర్చునే కుర్రాళ్లు, "ఏటి ఎలుగమ్మా, తేనొట్టుకొచ్చినావా?" అని ఆటపట్టించారు. "మీ బుర్రల్లోనే తేనెపట్టు పట్టేసింది, మొదట అది దులుపుకోండి," అంది హైమ. అన్నది తానేనని నమ్మడానికి ఇంటికి చేరేదాకా పట్టింది.

మెడకు అలవాటైపోయింది. ముఖం లేనప్పుడు కూడా తల లేవడం మొదలుపెట్టింది. బడిలో ఒక రోజు లేచి నిలబడి, పంతులుగారి కళ్లలోకి చూస్తూ పాఠం చదివింది. ఆయన చివరంటా విని, "బాగా చదివావమ్మా. ఎప్పుడు చేరావు? పేరేమిటి?" అని అడిగారు.

పరిశీలకుల ముందు కూడా ఇలాగే నిలబడాలి, అనుకుంది హైమ. మంచినీళ్ల బిందెలోకి కాకుండా గోడమీది అద్దంలోకి చూసుకుంటూ రోజూ సాధన చేసింది. కళ్లు విప్పి, గడ్డం ఎత్తి, ఊపిరి సమంగా పీల్చి. ఆ ముఖం ఫరవాలేదు అనిపించింది. కొంచెం అమ్మ పోలిక, అదీ తిట్టేటప్పటి అమ్మ.

ఇంతలో ఒక సాయంత్రం పొలం నుంచి తవుడూ నీలవేణీ ఇంకా రాలేదు. హైమ బడి నుంచి రావడం ఆలస్యమైంది. గుమ్మం ముందుకొచ్చి, ఎలుగుబంటి ముఖంతో తల ఎత్తి నిలబడింది.

"దుంపల హైమావతి ఇప్పటికే ఇంట్లో ఉన్నారు," అంది పెట్టె.

తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపల మామ్మ గొంతు. "ఇంకో తొన పెట్టమంటావేటే? పనసపండంటే ఎప్పుడూ మూతి తిప్పీదానివి. ఈ పూట బాగా తిన్నావు. అలగ తినాల. ఒళ్లు కూడా కాస్త సేసినావు."

చప్పరింపులు వినిపించాయి. తర్వాత బరువైన అడుగులు. పెరటి తలుపు విరిగిన చప్పుడు. ఏదో నల్లగా, గుండ్రంగా కదిలి తోటలోకి వెళ్లిపోయింది. హైమ లోపలికి వెళ్లేసరికి పనసపండు మొత్తం ఖాళీ. మామ్మ చేతులు కడుక్కుంటోంది.

"మళ్లీ వొచ్చినావేటి? కడుపా, కల్లమా అది?"

తవుడు కంగారుపడి మర్నాడు కార్యాలయానికి పరిగెత్తాడు. "బాబూ, నిజం ఎలుగ్గొడ్డే వొచ్చీసింది. మిషను తలుపు తీసీసింది. మా అమ్మ పక్కన కూకోబెట్టి తినిపించినాది."

చంద్రమౌళి గారు విభాగం పుస్తకం చూశారు. "ఏ పేరుతో గుర్తించింది?"

"మా గుంట పేరుతో బాబూ."

"గుర్తించింది కదా. గుర్తించిన తర్వాత అది ఎలుగుబంటి ఎలా అవుతుంది? గుర్తించనిదే ఎలుగుబంటి." ఆయన ముఖంలో ఆనందం కనిపించింది. "దీనర్థం తెలుసా? యంత్రం పెట్టాక మీ ఇంటికి ఒక్క ఎలుగుబంటి కూడా రాలేదు. నివేదికలో రాస్తాను."

రాశారు కూడా. ఆ నివేదిక చదివి రాష్ట్ర పరిశీలకురాలు వసుంధరాదేవి గారు తనిఖీకి బయల్దేరారు.

తనిఖీ రోజున ఇల్లు మళ్లీ అర్ధరాత్రయింది. ఈసారి గుమ్మం ముందు కూడా నల్ల టార్పాలినుతో పందిరి వేసి, వాకిలిని కూడా రాత్రి చేశారు. కొత్త పేడ మెత్తారు. పుంజు నోటికి గుడ్డ కట్టమన్నారు గానీ కట్టబోయినవాడి వేలు పొడిచింది, వదిలేశారు. మృగ నమూనా కావాలి గనుక గవరయ్య తన ముఖం తాను తీసుకుని, తగిలించుకుని, లోపల గుంజకి ఆనుకున్నాడు.

హైమ పాపిడి తీసి, జడ వేసుకుని, తల ఎత్తుకుని సిద్ధంగా నిలబడింది. చంద్రమౌళి గారు ఆమెను చూసి ఉలిక్కిపడి, తవుడిని పక్కకు పిలిచారు.

"ఈ అమ్మాయెవరు?"

"మా హైమ బాబూ. మేడం గారికి ముకం సూపించుకోడానికి."

"అయ్యా, ఇంట్లో నమోదైనవాళ్లు నలుగురు. నువ్వు, నీ భార్య, మీ అమ్మ, హైమావతి. హైమావతి అదిగో, గుంజ దగ్గర కూర్చుని ఉంది. నలుగురికి నలుగురూ కనిపిస్తే నూరు శాతం. ఈమె కూడా లోపలుంటే నూట పాతిక శాతం అవుతుంది. నూట పాతిక శాతం గుర్తింపును పైవాళ్లు అనుమానిస్తారు." ఆయన హైమ వైపు తిరిగారు. "అమ్మా, మేడం గారికి దాహం వేస్తుంది. కొట్టుకు వెళ్లి గోళీ సోడాలు పట్టుకురా. వచ్చాక చూద్దాం."

హైమ పరిగెత్తింది. సుబ్బినాయుడు సోడాలు తియ్యడానికి తీరిక చేసుకునేలోగా జీపు శబ్దం వినిపించింది. సోడాలు గుండెకు హత్తుకుని వెనక్కి పరిగెత్తుకొచ్చింది. పందిరి చీకట్లోకి వచ్చి గుమ్మం ముందు ఆగింది. లోపల పరిశీలకురాలి గొంతు నెమ్మదిగా, అరిగిపోయినట్టు వినిపిస్తోంది.

"ఒకరు సి, ఒకరు బి ప్లస్, ఒకరు ఎ మైనస్, ఒకరు ఎ. శభాష్ చంద్రమౌళీ. ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు."

హైమ ఊపిరి పీల్చుకుంది. అద్దం ముందు చేసినట్టే గడ్డం ఎత్తింది. కళ్లు విప్పింది. కెమెరా వైపు తిన్నగా చూసింది.

పెట్టె ఒక్క క్షణం ఆలోచించింది.

"స్పష్టత అద్భుతం. ఎ గ్రేడు," అంది. హైమ ఒక అడుగు ముందుకేసింది. "గుర్తు తెలియని వ్యక్తి."

సైరను మోగింది. పుంజు కూసింది. తలుపు తెరిచి మామ్మ అడ్డంగా నిలబడింది, మెడలో బిళ్లతో.

"మేడం గారూ!" అంది హైమ గట్టిగా. "నేను దుంపల హైమావతిని. లోపలున్నది నేను కాదు. నా ముఖం ఇది. ఎ గ్రేడు వచ్చింది, మీరే విన్నారు."

లోపల కలం ఆగింది. "ఎవరది?" అన్నారు పరిశీలకురాలు.

"ఎవరో తెలియదండి. ఎవరూ కాదన్న సంగతి మాత్రం ఎ గ్రేడులో తెలిసింది," అన్నారు చంద్రమౌళి గారు. "ఇంత స్పష్టంగా ఎవరూ కాకపోవడం ఇదే మొదటిసారండి."

"మావా, నువ్వైనా సెప్పు!" అంది చీకట్లో అమ్మ గొంతు. గుంజ దగ్గర్నుంచి కర్ర ముఖం వెనక ఏదో గొణుగుడు వినిపించింది. మృగ నమూనా మాట్లాడకూడదని సుధీర్ గదమాయించాడు.

"గృహ గుర్తింపు అధికారిణి గారు చెప్పాలి కదా," అన్నారు పరిశీలకురాలు. "ఏమ్మా, ఈ అమ్మాయి మీ మనవరాలేనా?"

మామ్మ ముందుకు వంగింది. శుక్లాల కళ్లు చిట్లించి హైమ ముఖానికి జానెడు దూరంలోకి తన ముఖం తెచ్చింది. కొబ్బరినూనె వాసన చూసింది. అటు ఇటు తల తిప్పింది.

"మా గుంట ఇలగ తల ఎత్తి సూడదు తల్లీ," అంది చివరికి, లోపలికి వినపడేలా. "దానికి పాపిడే గానీ ముకం నేదు."

అని ఊరుకోలేదు. తలుపు రెక్క మీద చెయ్యి అలాగే ఉంచి, గొంతు తగ్గించి హైమతో అంది. "ఓపాలి తల వంచీ. సూద్దుం. వంచితే నానే సెప్తాను, మా గుంటేనని. ఇంట్లోకి రానిస్తాను."

సోడా సీసాలు చేతుల్లో చల్లగా ఉన్నాయి. వంచితే లోపలికి వెళ్లవచ్చు. మామ్మ పాపిడి నిమురుతుంది. పాపిడికి గ్రేడు లేదు. ముఖం ఎలుగుబంటి దగ్గరే ఉండిపోతుంది, సంతకంతో సహా.

హైమ మామ్మ కళ్లలోకి చూసింది. ఆ కళ్లలో తెల్లటి పొరలుంటాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు. మెడ కదపలేదు.

మామ్మ కాసేపు చూసింది. తర్వాత సోడాలు ఒక్కొక్కటే అందుకుంది, ఒకటి లెక్క తప్పిందేమోనని తడిమి చూసుకుంది, బిళ్ల సరిచేసుకుంది, తలుపేసింది.